తెలుగు మాధ్యమం నుంచి ఇంజనీరింగ్‌కు: అపోహలు - వాస్తవాలు

తెలుగు మాధ్యమంలో చదివి ఇంజనీరింగ్‌లో చేరిన విద్యార్థులకు మొదటి సంవత్సరం ఇంగ్లిష్ బోధిస్తాను. వారి గురించి అధ్యాపకుల గదిలోనూ, తల్లిదండ్రుల నోటా తరచూ వినే కొన్ని మాటలు సరిదిద్దవలసినవి.

అపోహ: ఇంగ్లిష్‌లో ధారాళంగా మాట్లాడగలిగితే పాఠాలు వాటంతట అవే అర్థమవుతాయి.

వాస్తవం: మాట్లాడే భాష వేరు, చదువుకునే భాష వేరు. ద్విభాషా విద్యపై పరిశోధించిన జిమ్ కమిన్స్ 1979లో ఈ తేడాను ప్రతిపాదించారు. కెనడాకు వలస వచ్చిన పిల్లలకు చదువు భాష పట్టుబడటానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతున్నదని ఆయన తర్వాతి పరిశోధన చూపింది. అలాంటిది మన విద్యార్థి నుంచి ఒక్క సెమిస్టర్‌లో దాన్ని ఆశించడం అన్యాయం. పైగా అతణ్ణి తరచూ తికమకపెట్టేవి తెలిసిన మాటలే. ‘పవర్’ అంటే ఇంట్లో కరెంటు, భౌతికశాస్త్రంలో సామర్థ్యం, గణితంలో ఘాతం. ‘నార్మల్’ అంటే మామూలు అనుకుని చదువుతూ పోయినవారికి అది అభిలంబమని తెలిసేసరికి పాఠం చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. ఇలాంటి మాటలను అర్థాలతో సహా ఒక నోటుబుక్కులో రాసుకోమని మొదటి వారంలోనే చెబుతాను.

అపోహ: తరగతిలో తెలుగు వినిపిస్తే ఇంగ్లిష్ రాదు.

వాస్తవం: నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. త్వరణం అంటే ఏమిటో తెలిసిన విద్యార్థికి ‘యాక్సిలరేషన్’ కేవలం కొత్త పేరు. వడికీ వేగానికీ తేడా తెలుగులో గ్రహించినవారు ‘స్పీడ్’, ‘వెలాసిటీ’ల తేడాను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర లేదు. అందుకే ముందు ఇద్దరిద్దరిని తెలుగులో చర్చించుకోనిచ్చి, తర్వాత అదే విషయాన్ని ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాయిస్తాను. ఆ రెండో మెట్టు ఎక్కించకుండా తెలుగు వివరణతోనే సరిపెడితే మాత్రం పరీక్షలో వారు చిక్కుకుంటారు. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా పరీక్షలను స్థానిక భాషల్లో రాయనివ్వాలని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2023లో విశ్వవిద్యాలయాలను కోరిన మాట నిజమే; కానీ ఇంగ్లిష్‌లో రాయవలసిన పరీక్షకు ఆ రెండో మెట్టు తప్పదు.

అపోహ: వ్యాకరణం సరిచేస్తే చాలు.

వాస్తవం: ‘జస్టిఫై’ (కారణాలతో సమర్థించు) అని అడిగిన చోట నిర్వచనం రాసి మార్కులు పోగొట్టుకున్న జవాబులో వ్యాకరణ దోషం ఒక్కటీ ఉండకపోవచ్చు.

అపోహ: ఇదంతా ఇంగ్లిష్ అధ్యాపకుల పని.

వాస్తవం: ‘డిరైవ్’ (సూత్రాన్ని రాబట్టు) అంటే తమ సబ్జెక్టులో ఎన్ని మెట్లు చూపించాలో ఆ సబ్జెక్టు అధ్యాపకులకే తెలుసు. ఒక మంచి జవాబును బోర్డు మీద రాసి, ఏ వాక్యం ఎందుకు ఉందో పది నిమిషాలు వివరించగలిగినవారూ వారే.