చమురు బావుల్లోకి బొగ్గుపులుసు వాయువు

చిరంజీవులకు ఆశీస్సులు.

కర్మాగారాల్లో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను భూమిలో దాచవచ్చునా అని అడిగారు. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో వేబర్న్ అనే పాత చమురు క్షేత్రం ఉంది; అక్కడ 2000లో ఈ పని మొదలుపెట్టారు. అమెరికాలోని నార్త్ డకోటాలో లిగ్నైట్ బొగ్గును ఇంధన వాయువుగా మార్చే కర్మాగారం నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసి, సుమారు 330 కిలోమీటర్ల పైపులైను ద్వారా సరిహద్దు దాటించి, దాదాపు 1,450 మీటర్ల లోతున ఉన్న సున్నపురాతి పొరల్లోకి ఎక్కించారు.

చమురు భూగర్భంలో చెరువులా నిలిచి ఉండదు, రాతిలోని సన్నని రంధ్రాల్లో ఇరుక్కుని ఉంటుంది. జిడ్డుపట్టిన గిన్నెను ఉత్త నీళ్లతో కడిగినట్టే, బావుల్లోకి నీళ్లు పంపి తోసినా చాలా చమురు రాతిని వదలదు. 31 డిగ్రీల వేడి, 74 బార్ల పీడనం (మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి డెబ్బై రెట్లకు పైగా) దాటిన కార్బన్ డయాక్సైడ్ ద్రవమంత చిక్కగా ఉంటూనే వాయువులా సందుల్లోకి చొరబడుతుంది; చమురులో కలిసి దాన్ని ఉబ్బించి, పలచబరచి, బావి వైపు కదిలిస్తుంది. చమురుతోపాటు పైకి వచ్చిన వాయువును వేరుచేసి మళ్లీ లోపలికే పంపుతారు. ప్రతి విడతలోనూ కొంత భాగం రంధ్రాల్లో చిక్కుకుని, కొంత ఉప్పునీటిలో కరిగి, అక్కడే ఉండిపోతుంది.

పైన చొరబడనివ్వని రాతి కప్పు ఉండబట్టే చమురు లక్షల సంవత్సరాలు అక్కడ నిలిచింది. కనుక నా భయం రాతి గురించి కాదు, ఆ కప్పును మనమే తొలిచి వేసిన పాత బావుల గురించి. ఉక్కు గొట్టానికీ రాతికీ మధ్య సిమెంటు పోసి బిగిస్తారు. నీటిలో కరిగిన ఈ వాయువు ఆమ్లంగా మారి ఉక్కునూ సిమెంటునూ మెల్లగా తింటుంది. అందుకే వదిలేసిన ప్రతి బావినీ వెతికి పరీక్షించాలి. పైపులైన్ల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం: 2020లో మిసిసిపీలోని సటార్షియా దగ్గర ఒకటి పగిలినప్పుడు ఊపిరాడక పలువురు ఆసుపత్రి పాలయ్యారు.

ఇంకొక లెక్క ఉంది, దాన్ని చాలామంది దాటవేస్తారు. 1972లో టెక్సస్‌లో ఈ పద్ధతిని వాణిజ్యస్థాయిలో మొదలుపెట్టింది చమురు కోసమే, దాచడం కోసం కాదు. వెలికివచ్చిన చమురును మండిస్తే మళ్లీ అదే వాయువు పుడుతుంది గనుక, లోపల మిగిలినదాని నుంచి దాన్ని తీసివేయకుండా ఇంత దాచామని చెప్పడం నాకు సమ్మతం కాదు. గుజరాత్‌లోని కోయలీ శుద్ధి కర్మాగారం వాయువును గాంధార్ చమురు క్షేత్రానికి పంపాలని ఇండియన్ ఆయిల్, ఓఎన్‌జీసీ 2019లో ఒప్పందం చేసుకున్నాయి. అక్కడి పద్దు కూడా ఈ విధంగానే రాయాలి.

ఇట్లు,
మీ తాతయ్య