చిట్టెలుకలో షుగర్ తగ్గింది సరే, ప్రోటీన్ మందు పనిచేసినట్టేనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: గ్లూకోజ్ దిగితే ప్రోటీన్ పనిచేసినట్టే.

ముందు మేత తూచండి. ఎలుక తిండి మానేసినా షుగర్ దిగుతుంది. ఇ.కోలై బ్యాక్టీరియాలో తయారుచేసిన ప్రోటీన్‌లో ఎండోటాక్సిన్ (ఆ బ్యాక్టీరియా గోడలోని విషపదార్థం) మిగిలిపోతే జరిగేది ఇదే. ఎలుక వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఓ మూల ముడుచుకుంటుంది, మేత ముట్టదు. మీటర్‌లో అంకె మాత్రం ముచ్చటగా కనిపిస్తుంది! అందుకే ఎండోటాక్సిన్ పరీక్ష కాని బ్యాచ్‌ను ఎక్కించకూడదు. కంట్రోల్‌గా, అంటే పోల్చి చూసే గుంపుకు, ఉత్త సెలైన్ చాలదు. అదే బ్యాక్టీరియాలో, అదే పద్ధతిలో శుద్ధి చేసిన, పనిచేయకుండా మార్చిన (మ్యుటెంట్) ప్రోటీన్ ఒక గుంపుకు ఇవ్వాలి. మందు గుంపు ఎంత తింటే అంతే మేత కొలిచి పెట్టే గుంపు ఇంకొకటి ఉండాలి. ఖర్చని చాలామంది వదిలేసేది ఈ రెండో గుంపునే. రివ్యూయర్లు మొదట అడిగేదీ దాన్నే.

అపోహ: స్ట్రెప్టోజోటోసిన్ (ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపి డయాబెటిస్ తెప్పించే రసాయనం) ఇస్తే అన్నిటికీ ఒకేలా డయాబెటిస్ వస్తుంది.

రాదు. పీహెచ్ 4.5 సిట్రేట్ బఫర్‌లో కలిపాక 15-20 నిమిషాల్లో ఎక్కించేయాలి. ఆలస్యమైతే రసాయనం విచ్ఛిన్నమై, చివరి పంజరానికి వచ్చేసరికి బలం తగ్గుతుంది. ఆ పంజరమే మందు గుంపు అయిందా, మీ ప్రోటీన్ అద్భుతం చేసినట్టే కనిపిస్తుంది. మగవాటికన్నా ఆడ ఎలుకలు దీన్ని ఎక్కువగా తట్టుకుంటాయి. కిలో బరువుకు 50 మి.గ్రా. చొప్పున 5 రోజులు ఇచ్చే పద్ధతిలో కొన్ని బీటా కణాలు మిగులుతాయి. కాబట్టి ఆఖరి డోసు తర్వాత సుమారు రెండు వారాలు ఆగి, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు గ్లూకోజ్ 250 మి.గ్రా./డె.లీ. దాటినవాటినే తీసుకోవాలి. గ్లూకోజ్, బరువు రెండూ సమంగా ఉండేలా లాటరీ పద్ధతిలో గుంపులు చేయాలి. పంజరాల వరుస చూసి కాదు.

అపోహ: మీటర్ రీడింగే ఫైనల్.

చాలా మీటర్లు 600 దాటితే ‘హై’ అని ఊరుకుంటాయి. దాన్ని 600 అని రాసుకుంటే అసలు తేడా మాయమవుతుంది. ప్లాస్మా తీసి ఎంజైమ్ పద్ధతిలో కొలవండి. ఎలుకను పట్టుకునే కంగారుకే షుగర్ పెరుగుతుంది, ముందే చేతికి అలవాటు చేయాలి. గ్లూకోజ్ టాలరెన్స్ టెస్ట్‌కు (గ్లూకోజ్ ఇచ్చి షుగర్ ఎంత త్వరగా దిగుతుందో చూసే పరీక్షకు) రాత్రంతా పస్తు పెట్టొద్దు. ఎలుకలు తినేదే రాత్రిపూట. పొద్దున మేత తీసేసి 6 గంటలు ఆగితే చాలు.

అపోహ: ఎక్కువ వారాలు ఇస్తే ఫలితం ఇంకా గట్టిపడుతుంది.

మనిషి ప్రోటీన్ ఎలుకకు పరాయిది. రెండు మూడు వారాల్లో యాంటీబాడీలు పుట్టి మందును అడ్డుకోవచ్చు. మొదట దిగిన షుగర్ మళ్లీ ఎక్కితే డోసు పెంచే ముందు సీరంలో యాంటీబాడీలు చూడాలి. ఇంకోటి: పలుచని ద్రావణంలో ప్రోటీన్ ట్యూబు గోడకు అంటుకుపోతుంది. 0.1 శాతం అల్బుమిన్ కలపండి, అదీ ఎలుక అల్బుమినే. ఆవుది వాడితే దానికీ యాంటీబాడీలు వస్తాయి.

అపోహ: పెద్ద జర్నల్‌లో వచ్చిందంటే తిరుగులేదు.

2013లో హార్వర్డ్‌లోని డగ్లస్ మెల్టన్ ల్యాబ్, బీటాట్రోఫిన్ అనే ప్రోటీన్ ఎలుకల్లో బీటా కణాల విభజనను సగటున 17 రెట్లు పెంచిందని ‘సెల్’ జర్నల్‌లో ప్రకటించింది. మరుసటి ఏడాది వేరే బృందానికి ఆ ప్రభావం కనిపించలేదు. మెల్టన్ ల్యాబే మరిన్ని ఎలుకలతో మళ్లీ చేసి చూసుకుని, 2016లో ఆ పేపర్‌ను వెనక్కి తీసుకుంది. ఒక్కో ఎలుకలో విభజన రేటు ఒక్కోలా ఉంటుంది. గుంపు చిన్నదైతే రెండు మూడు ఎలుకలే సగటును ఎత్తేస్తాయి. అందుకే సగటు పట్టీ ఒక్కటే గీయకుండా ప్రతి ఎలుకకూ ఒక చుక్క పెట్టాలి. స్లైడ్ మీద కణాలు లెక్కపెట్టేవారికి అది ఏ గుంపుదో తెలియకూడదు.