గుండె ఆగి బతికిన మనిషిని చల్లబరచడం: అపోహలు - వాస్తవాలు

నేను ఐసీయూ డాక్టర్ని. గుండె ఆగి, సీపీఆర్‌తో తిరిగి కొట్టుకున్నవాళ్లు మా దగ్గరికే వస్తారు. వాళ్ల ఒంటి వేడి విషయంలో ఇంట్లోవాళ్లు పడే టెన్షన్ చూసి ఇది రాస్తున్నా.

అపోహ: ఒళ్లు చల్లబడిందంటే మనిషి పోయినట్టే.
కొన్నేళ్ల కిందట ఓ అబ్బాయి, "నాన్న చెయ్యి మంచుగడ్డలా ఉంది, నిజం చెప్పండి డాక్టరుగారూ, ఉన్నారా?" అని ఏడ్చేశాడు. ఉన్నారు. 33 డిగ్రీల సెల్సియస్‌కు (మామూలు ఒంటి వేడి 37) దించింది మేమే. రక్తం అందక దెబ్బతిన్న మెదడు, గుండె మళ్లీ కొట్టుకున్నాక కూడా రోజుల తరబడి దెబ్బతింటూనే ఉంటుంది. ఒంటి వేడి ఒక్కో డిగ్రీ తగ్గేకొద్దీ దానికి కావాల్సిన ఆక్సిజన్ సుమారు 6 శాతం తగ్గుతుంది కాబట్టి, ఆ గండం గట్టెక్కుతుందని అప్పట్లో మా ఆశ.

అపోహ: ఎంత చల్లబరిస్తే అంత మేలు.
మేమూ చాలాకాలం అలాగే నమ్మాం. 2002లో యూరప్, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రెండు అధ్యయనాలు చూసి అందరం 32-34 డిగ్రీలకు దించేవాళ్లం. 2013లో 33కీ 36కీ తేడా లేదని తేలింది. 2021లో దాదాపు 1,900 మందితో చేసిన టీటీఎమ్2 అధ్యయనంలో, 33కి దించినవాళ్లలోనూ, కేవలం జ్వరం రాకుండా చూసినవాళ్లలోనూ మరణాలు ఇంచుమించు ఒకటే, పైగా చల్లబరిచినవాళ్లలో గుండె లయ తప్పడం ఎక్కువ. అందుకే ఇప్పుడు మా పట్టుదలంతా 37.5 దాటనివ్వకూడదనే.

ఇది తేలిక పని అనుకోకండి. చల్లబరిస్తే ఒళ్లు ఎదురు తిరుగుతుంది, వణుకు పుడుతుంది, వణికే కండరాలు ఆక్సిజన్‌ని తినేస్తాయి. పైకి కనిపించని వణుకు కోసం దవడ మీద, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తాం. ఇంకో గుట్టు ఉంది: మానిటర్‌లో 37 నిలకడగా కనిపిస్తున్నా, కూలింగ్ మిషన్‌లో నీళ్లు అంతకంతకూ చల్లబడుతున్నాయంటే లోపల జ్వరం తన్నుకొస్తోందని, మిషన్ దాన్ని అణిచిపెడుతోందని అర్థం. అప్పుడు ఇన్‌ఫెక్షన్ ఎక్కడుందో వెతకాల్సిందే.

అపోహ: రెండో రోజుకీ కళ్లు తెరవలేదు, ఇక లాభం లేదు.
దయచేసి తొందరపడకండి. చల్లటి ఒంట్లో మేమిచ్చిన మత్తుమందు త్వరగా దిగదు. ఒళ్లు మామూలు వేడికి వచ్చాక కనీసం 72 గంటలు ఆగి, రకరకాల పరీక్షలు కలిపి చూసిన తర్వాతే మెదడు గురించి ఏమైనా చెప్పగలం.

అపోహ: పుట్టగానే ఏడవని బిడ్డను ఎక్కడైనా చల్లబరచొచ్చు.
సంపన్న దేశాల్లో, పుట్టేటప్పుడు ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిన్న పిల్లల్ని, పుట్టిన 6 గంటల్లోపు మొదలుపెట్టి 72 గంటలు 33.5 దగ్గర ఉంచితే మేలు జరిగింది, అది నిజమే. కానీ భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో 408 మంది పసివాళ్లతో చేసిన హెలిక్స్ అధ్యయనంలో, చల్లబరిచినవాళ్లలో 42 శాతం మంది, మామూలు వేడిలో ఉంచినవాళ్లలో 31 శాతం మంది చనిపోయారు. ఆ అంకెలు చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. కాబట్టి ఐస్ ప్యాకులు, తడిగుడ్డలు మీరు పెట్టొద్దు, పెట్టమని ఎవరు చెప్పినా ముందు పసిపిల్లల ఐసీయూ డాక్టర్ని అడగండి.