‘అ’తో మొదలైతే నెగెటివ్ పేరా? గుణాల పేర్ల మీద అపోహలు - వాస్తవాలు

ఈ మధ్య బారసాలకు ముహూర్తం అడిగే ఫోన్ల కంటే, పెట్టేసిన పేరు మార్చమంటారా అని అడిగే ఫోన్లే ఎక్కువయ్యాయి. అడిగేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. చదువుకున్నవాళ్లు, బిడ్డ మీద ప్రాణాలు పెట్టుకున్నవాళ్లు. ఎవరో ఒక మాట అనేసి పోతారు, వీళ్లకు ఆ రాత్రి నుంచి కంటి మీద కునుకుండదు. అన్నవాడు మాత్రం హాయిగా నిద్రపోతాడు. పౌరోహిత్యం చేసుకుంటూ కాస్త సంస్కృతం చదువుకున్నవాణ్ణి కనుక, రోజూ నోటితో చెప్పేదే ఇక్కడ రాసిపెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్లకు ఇదే పంపిస్తాను.

అపోహ: అనసూయ, అనఘ, అభయ, నిర్మల, విమల... ఇవన్నీ ‘లేదు’ అనే మాటతో మొదలయ్యే నెగెటివ్ పేర్లు. పిలిచినప్పుడల్లా పిల్లకు ‘లేదు, లేదు’ అని శాపం పెట్టినట్టే.

వాస్తవం: లేదు అన్నది నిజమే. లేనిదేమిటో చూడొద్దూ? నఞ్ సమాసం బళ్లో చదువుకున్నదే. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’. అసూయ లేనిది అనసూయ. అఘం అంటే పాపం, అది లేనిది అనఘ. ‘నిర్’ చేసేదీ అదే పని: మలం అంటే మురికి, అది లేనిది నిర్మల. అసూయ అంటే మనం వాడుకలో ఒళ్లుమంట అనుకుంటాం కానీ, అమరకోశం ఇంకా గట్టిగా చెప్పింది: ఎదుటివాడిలో గుణాలున్నచోట కూడా దోషాన్ని అంటగట్టడమే అసూయ. ఆ దుర్గుణం లేని తల్లి పేరును నెగెటివ్ అనడమే అసూయకు మంచి ఉదాహరణ!

అనసూయ దత్తాత్రేయుడి తల్లి. అనఘాదేవి ఆయన దేవేరి. మార్గశిర బహుళాష్టమి నాడు ఎన్ని ఇళ్లలో అనఘాష్టమి వ్రతం చేయించలేదూ! ఆ వ్రతంలో కూర్చుని, ప్రసాదం తిని, చేతులు కడుక్కుంటూ “పంతులుగారూ, పిల్లకు అనఘ అని పెట్టుకోవచ్చాండీ, దోషం లేదు కదా?” అని అడిగినవాళ్లున్నారు. విష్ణుసహస్రనామంలో ‘అనఘో విజయో జేతా’ అని రోజూ చదువుతాం. ఇంకొంత దూరం పోయాక ‘అమూర్తిరనఘోఽచింత్యో’ అని మళ్లీ అదే నామం. గీతలో కృష్ణుడు అర్జునుణ్ణి ‘అనఘా’ అనే పిలుస్తాడు. రేపల్లెకు రథం తెచ్చిన అక్రూరుడి పేరూ ఈ బాపతే. ధర్మరాజుకు ఉన్న బిరుదు అజాతశత్రువు. అశోకుడి సంగతి చెప్పనక్కర్లేదు.

అసలు గీత 16వ అధ్యాయం తెరిచి చూడండి. దైవీ సంపద అంటూ గుణాలను వరసపెట్టి చెప్పేచోట మొట్టమొదటి మాటే అభయం. ఆ తర్వాత అహింస, అక్రోధం, అద్రోహం, అచాపలం. మంచిని చెప్పడానికి చెడ్డను అవతలికి నెట్టి చెప్పడం మన భాషలకు పుట్టుకతో వచ్చిన పద్ధతి. దాన్ని నెగెటివ్ అనేవాడు మొదట ‘అమృతం’ తాగనని ఒట్టేసుకోవాలి, అందులోనూ ఉన్నది ఆ ‘అ’ కారమే.

పైగా ‘అ’ కనబడ్డచోటల్లా లేదని కాదు. అరుణ, అర్చన, అవని పేర్లలో నిషేధమే లేదు. అనురాధలో ఉన్నది ‘అను’ అనే ఉపసర్గ. ‘రాధ లేనిది అనురాధ’ అని ఒకాయన చెప్పాడట, విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ‘వి’ కూడా అంతే. విమలలో అది మలాన్ని తీసేస్తుంది, వినయలో, విజయలో అలాంటి పనేమీ చేయదు. అక్షరం చూసి అర్థం చెప్పేవాడికి వ్యాకరణం రాదని అక్కడే తేలిపోతుంది.

ఇంతగా ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మిగతా అపోహలతో పోయేది కాసేపటి మనశ్శాంతి, దీంతో మాత్రం డబ్బూ కాలమూ కూడా పోతాయి. ఆమధ్య ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంజనీరింగ్ అయిపోయింది, పైచదువుకు అమెరికా ప్రయత్నం. పేరు అనఘ. ఎవరో న్యూమరాలజీ ఆయన “పేరులోనే పాపం ఉంది, అందుకే వీసా రావట్లేదు” అన్నాడు. దాంతో ఈ తండ్రి అఫిడవిట్, పేపర్లో ప్రకటన, గెజిట్, అన్నీ చేయించి, నాలుగు అక్షరాలు కలిపి ఏదో కొత్త పేరు తగిలించాడు. ఆ కొత్త పేరుకు సంస్కృతంలోనూ లేదు, తెలుగులోనూ లేదు అర్థం. ఇప్పుడు ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఒక పేరు, డిగ్రీ పట్టాలో పాత పేరు. ఆ అమ్మాయి ఫైలు నా ముందు పెట్టి ఒక్కో కాగితం తిప్పుతూ, పాత పేరు ఉన్నచోట పసుపు చీటీ, కొత్త పేరు ఉన్నచోట నీలం చీటీ అంటించుకున్నది చూపించింది. ఫైలు నిండా పసుపే. “ఇంట్లో నానమ్మ ఇంకా అనఘా అనే పిలుస్తుందండీ, నేను పలుకుతున్నాను” అంది. ఆ తండ్రి తల ఎత్తలేదు. ఆయన్ని ఏమనడానికీ నాకు మనసు రాలేదు. భయం మీద వ్యాపారం చేసినవాణ్ణి అనాలి.

ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. పదో తరగతి మెమో అంత తేలిగ్గా కదలదు. కాబట్టి పెద్దపిల్లల పేరు మార్చేముందు ఆ పేరుకు అర్థమేమిటో సంస్కృతం చదువుకున్నవాణ్ణి ఒక్కణ్ణి అడగండి. ఏ సంస్కృతం మాస్టారైనా రూపాయి తీసుకోకుండా చెబుతాడు.

అపోహ: క్షమ, శాంతి, సహన లాంటి పేర్లు పెడితే ఆడపిల్ల జీవితమంతా ఓర్చుకుంటూనే బతకాలి. ఆడపిల్లలకే ఇలాంటి పేర్లు పెట్టడంలో కుట్ర ఉంది.

వాస్తవం: ఇందులో కోపం నాకు అర్థమవుతుంది. కానీ కారణం చాలావరకు వ్యాకరణం. సంస్కృతంలో శాంతి, ధృతి, స్మృతి, క్షమ, దయ, శ్రద్ధ, మేధ అన్నీ స్త్రీలింగ శబ్దాలు. అందుకని ఆడపిల్లల పేర్లయ్యాయి. వినయం, సంతోషం, ఆనందం, ప్రసాదం సంస్కృతంలో పుంలింగాలు. అవి మగపిల్లలకు వెళ్లాయి. వినయం మగవాడికే ఎక్కువని ఎవరూ అనలేదు కదా! గీత 10వ అధ్యాయంలో కృష్ణుడు స్త్రీలలో నేను కీర్తిని, శ్రీని, వాక్కును, స్మృతిని, మేధను, ధృతిని, క్షమను అంటాడు. ఏడింట్లో తెలివికి సంబంధించినవి ఎన్నున్నాయో చూసుకోండి. ఇక క్షమ అంటే సారీ చెప్పడం కాదు. క్షమ అంటే భూమి కూడా. ఆ ధాతువులోంచే ‘సమర్థుడు’ అనే అర్థంలో క్షముడు అన్న మాట వచ్చింది.

భాగవతం నాలుగో స్కంధంలో దక్షుడు 13 మంది కూతుళ్లను ధర్ముడికి ఇచ్చి చేస్తాడు: శ్రద్ధ, మైత్రి, దయ, శాంతి, తుష్టి, పుష్టి, క్రియ, ఉన్నతి, బుద్ధి, మేధ, తితిక్ష, హ్రీ, మూర్తి. గుణాల పేర్లు కావాలన్నవాళ్లకు నేను మొదట చూపించేది ఈ పట్టికే. అందులో దయకు పుట్టినవాడు అభయుడు, శాంతికి పుట్టినవాడు సుఖుడు. ఉన్నతికి పుట్టినవాడు దర్పుడు! ఆ రాసినాయన లోకం చూసినవాడు. తితిక్ష అంటే ఓర్పు, ఆమె కొడుకు క్షేముడు. మా మేనకోడలి కూతురికి మైత్రి అని నేనే పెట్టాను, ఇప్పుడది బళ్లో రోజుకొకరితో దెబ్బలాడి వస్తోంది. పేరు పెడితే గుణం వస్తుందనుకునేవాళ్లకు నా జవాబు అదే.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

గుణాల పేర్లన్నీ పురాణాల్లోవే అనుకోవద్దు. మన ఊళ్లలో సాదిక్ అంటే సత్యం పలికేవాడు, అమీన్ అంటే నమ్మదగినవాడు. క్రైస్తవుల ఇళ్లలో కృప, విశ్వాసం, నిరీక్షణ. తెలుగు బైబిల్లో నిరీక్షణ అంటే ఆశ, బస్సు కోసం చూసే ఎదురుచూపు కాదు. మా గోదావరి వైపు సత్యవతి, సత్యనారాయణ, సత్తెయ్య, సత్తెమ్మ వీధికి నలుగురు కనబడితే అదంతా సత్యం మీద మోజని అనుకోకండి, అన్నవరం మొక్కు.

‘యాన్ష్’ తోక తగిలించిన కొత్త పేర్లలో చాలావాటికి పిల్లల పేర్ల యాప్‌లో కనబడే అర్థాలు వెతికి లాభం లేదు. ధాతువు లేదు, ప్రత్యయం లేదు. పలకడానికి బాగుందని పెట్టుకుంటే పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు, ‘విష్ణువు అంశ’ అని మాత్రం నాతో చెప్పకండి.

21 రోజుల్లో పేరు ఖాయం చేసి మున్సిపాలిటీలో రాయించకపోతే కష్టమని పరుగెత్తేవాళ్లున్నారు. 21 రోజుల్లో నమోదు కావాల్సింది పుట్టుక. పేరు తర్వాత చేర్చుకోవచ్చు. ఏడాదిలోపు రుసుము లేదు, 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చుకోవచ్చు. ఇప్పుడు 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి ఆధారం కనుక, తొందరపడి రాయించడం కంటే ఆలోచించి, స్పెల్లింగ్ ఒక్కటే ఉండేలా రాయించడం మేలు.

చివరిగా నక్షత్రపాదం అక్షరం, అంటే పుట్టిన నక్షత్రపాదానికి చెప్పిన అక్షరంతోనే పేరు మొదలవ్వాలన్న పట్టింపు. ఇంట్లో చేసే సంస్కారాల విధులు చెప్పే పారస్కర గృహ్యసూత్రం పేరుకు అక్షరాల లెక్క చెప్పింది, మగపిల్లవాడికి రెండో నాలుగో, ఆడపిల్లకు బేసి. మనుస్మృతి ఆడపిల్ల పేరు తేలిగ్గా పలికేలా, అర్థం స్పష్టంగా ఉండాలంది. పాదాక్షరంతోనే వ్యవహారనామం, అంటే అందరూ పిలిచే పేరు, మొదలవ్వాలని ఈ రెండూ అనలేదు. కావాలంటే ఆ అక్షరంతో జన్మనామం వేరే పెట్టి చెవిలో చెప్పుకోండి. హస్త మూడో పాదంవాళ్లు ‘ణ’తో, ఆర్ద్ర మూడో పాదంవాళ్లు ‘ఙ’తో పేరు చెప్పమని నన్ను పీక్కుతినకండి. అలాంటి పేర్లు ఉండవనే శాస్త్రం రాసినవాళ్లు వాటి బదులు డ, గ వాడుకోమన్నారు.