ఏడు వేల డాలర్ల సినిమా: చిన్న సినిమాలపై అపోహలు, వాస్తవాలు

"అన్నా, రోడ్రిగ్జ్ ఏడు వేల డాలర్లల్ల సినిమా తీసిండు. మనం పది లక్షలల్ల తియ్యలేమా?"

హన్మకొండలో నా ఎడిటింగ్ గదికి హార్డ్‌డిస్క్ పట్టుకొని వచ్చే కుర్రాళ్ళలో ఈ మాట అననివాళ్ళు తక్కువ. ములుగు, పరకాల, హుజూరాబాద్, జగిత్యాల, ఎక్కడి నుంచి వచ్చినా ఇదే లెక్క. చిన్న సినిమాలన్నా, జనం నెత్తిన పెట్టుకునే వింత కల్ట్ సినిమాలన్నా నాకు ప్రాణం. అందుకే ఈ పిల్లల మీద నాకు కోపం రాదు. ఆ అంకె ఒక్కటే చెప్పి మిగతా కథ చెప్పకుండా వదిలేసే వీడియోల మీద వస్తుంది.

అపోహ: 'ఎల్ మరియాచి' మొత్తం ఖర్చు ఏడు వేల డాలర్లే.

వాస్తవం: 1992లో వచ్చిన ఆ సినిమాను రాబర్ట్ రోడ్రిగ్జ్ నిజంగానే దాదాపు ఏడు వేల డాలర్లతో తీశాడు. కొంత డబ్బు కోసం మందుల ప్రయోగాలకు తన ఒళ్ళు అప్పగించాడు. 16 ఎంఎం కెమెరాతో, సిబ్బంది లేకుండా, చాలా షాట్లు ఒకే టేక్‌లో కానిచ్చాడు. అయితే ఆ డబ్బుతో చేతికొచ్చింది వీడియో కాపీ. స్పానిష్ వీడియో క్యాసెట్ల మార్కెట్‌లో అమ్ముకుందామని అతని ఆలోచన. తర్వాత కొలంబియా పిక్చర్స్ కొని, సౌండ్ మళ్ళీ మిక్స్ చేయించి, 35 ఎంఎం ప్రింట్లు వేయించి థియేటర్లకు తెచ్చింది. దానికి అయిన ఖర్చు ముందు ఖర్చుకు ఎన్నో రెట్లు. 'బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' (1999) సంగతీ అంతే. కొన్ని పదుల వేల డాలర్లతో తీసిన మాట నిజం, ప్రపంచమంతా కలిపి 24 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసిన మాటా నిజం. ఆ రెంటి మధ్య పంపిణీ సంస్థ ప్రచారానికి పోసిన డబ్బు గురించి ఎవరూ చెప్పరు.

షూటింగ్ ఖర్చును సినిమా ఖర్చు అనుకోవడం దగ్గరే మన దగ్గర కొంపలు మునుగుతున్నాయి. ఉన్న పైసలన్నీ షూటింగ్‌లోనే అయిపోతాయి. కెమెరా అద్దె, లెన్సులు, డ్రోన్, యూనిట్ భోజనాలు, ఒక పాటకు లక్నవరం చెరువు. అప్పుడు నా దగ్గరికి వస్తారు. ఎడిటింగ్, డబ్బింగ్, ఎఫెక్ట్స్, ఆర్ఆర్ (నేపథ్య సంగీతం), మిక్సింగ్, డీఐ (రంగులు సరిచేయడం), సెన్సార్, థియేటర్‌కు పంపే డిజిటల్ కాపీ, దాన్ని వేసినందుకు ప్రొజెక్షన్ కంపెనీకి కట్టే ఛార్జీ, పోస్టర్లు, ఇవన్నీ అప్పటికి మొదలు కూడా కాలేదు.

పరకాల వైపు నుంచి ఒక పెద్దాయన కొడుకుతో కలిసి వచ్చాడు. పత్తి రైతు. కొడుకు తెర మీద సీన్లు చూపిస్తుంటే ఆయన మాత్రం నా మొహమే చూస్తున్నాడు. చివరికి "సారూ, ఇంకెన్ని పైసలు పెడితే ఇది ఒడుస్తది?" అని అడిగాడు. ఎకరం అప్పటికే అమ్మేశారు. ఇంకో ఎకరం అమ్మమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "కాకా, ఇంక భూమి జోలికి పోవద్దు, ఉన్న దాంట్లోనే ఏం తేలుతదో చూద్దాం" అన్నాను. ఇలాంటి తండ్రులు, పుస్తెలతాడు బ్యాంకులో పెట్టిన తల్లులు ఎంతమందో. పిల్లల మీద నమ్మకంతో ఇచ్చారు. వాళ్ళ టెన్షన్ చూస్తే నాకు ఆ రోజు అన్నం సయించదు.

దీనికి అంటుకొని ఇంకో అపోహ ఉంది: "బొమ్మ బాగుంటే చాలు, సౌండ్ డబ్బింగ్‌లో చూసుకుందాం." ఇన్నేళ్ళ నా అనుభవంలో ప్రేక్షకుడు మసక బొమ్మను క్షమిస్తాడు, వినబడని మాటను క్షమించడు. కాజీపేటలో రైల్వే పట్టాల దగ్గరి ఇంట్లో తీసిన ఒక సీను నా దగ్గరికొచ్చింది. తండ్రీకొడుకుల గొడవ. వైడ్ షాట్‌లో కూలర్ నడుస్తోంది, క్లోజప్‌లకు ఆపేశారు. కట్ పడ్డప్పుడల్లా కూలర్ హోరు రావడం, పోవడం. తండ్రి అసలు మాట అనే చోట గూడ్సు బండి కూత. షూటింగ్‌లో పట్టిన పైలట్ ట్రాక్‌లో ఆ మాటేమిటో నాకు అర్థం కాలేదు, తీసిన డైరెక్టర్‌కూ గుర్తు లేదు, ఎందుకంటే ఆ నటుడు స్క్రిప్ట్‌లో లేని మాట అప్పటికప్పుడు అన్నాడు. డబ్బింగ్‌కు పిలుద్దామంటే ఆ వేషం వేసినాయన మస్కట్ పోయాడు. వేరే గొంతు పెట్టాం. ఆ మనిషి మొహంలో ఉన్న బాధ ఈ గొంతులో లేదు. సినిమాకు గుండెకాయలాంటి సీను అట్లా పోయింది. పైగా నటనకు కొత్తైనవాళ్ళకు డబ్బింగ్ ఇంకా కష్టం. మైకు ముందు నిలబడితే బిగుసుకుపోతారు, పెదాలకు మాట కలవదు.

ఫోన్‌తో తీసేవాళ్ళకు ఇంకో మాట. ఫోన్లు చాలావరకు ఫ్రేమ్ రేటు (సెకనుకు ఎన్ని బొమ్మలు పట్టాలనే లెక్క) ఒకేలా ఉంచవు, వెలుతురును బట్టి మారుస్తాయి. విడిగా రికార్డర్‌లో పట్టిన మాట టేక్ మొదట్లో కలుస్తుంది, పోనుపోను పెదాల కంటే వెనకో ముందో పడుతుంది. ఫ్రేమ్ రేటును కదలకుండా పట్టే కెమెరా యాప్ వాడండి, రికార్డర్‌ను 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి, ప్రతి టేక్‌కు క్లాప్ కొట్టండి. క్లాప్ బోర్డు లేకపోతే చప్పట్లు చాలు. లొకేషన్ వదిలే ముందు అందర్నీ నోరు మూసుకోమని ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకోండి. దీనికి రూపాయి ఖర్చు లేదు, ఎడిటింగ్‌లో ఎన్ని అతుకులను కప్పుతుందో.

అమెరికన్ దర్శకుడు డేవిడ్ లించ్ 'ఇరేజర్‌హెడ్' 1972లో మొదలై 1977లో విడుదలైంది. మధ్యలో డబ్బు అయిపోతే ఆయన పేపర్లు వేసి సంపాదించాడు. చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లో కూడా సౌండ్ డిజైనర్ అలాన్ స్ప్లెట్‌తో కూర్చొని శబ్దం మీద నెలల తరబడి పనిచేశాడు. ఆ సినిమా కథ మర్చిపోయినవాళ్ళకు కూడా వెనక మోగే ఆ హోరు గుర్తుంటుంది.

మిగతావి గబగబా.

"కల్ట్ సినిమా తీస్తున్నాం అన్నా." అది తీసేవాళ్ళ చేతిలో లేదు. 'రాకీ హారర్ పిక్చర్ షో' 1975లో పడుకుంది, మరుసటి ఏడు న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఆటలతో లేచింది. మన 'ఆరెంజ్' 2010లో పోయింది, రీరిలీజ్‌లో హాళ్ళు ఊగాయి. హైదరాబాదీ కామెడీ 'అంగ్రేజ్' సీడీల మీద ఇంటింటికీ తిరిగింది.

"చెత్తగా తీసినా కల్ట్ అవుతుంది, 'ద రూమ్' చూడు." దానికి దాదాపు 60 లక్షల డాలర్లు అయిందని అంటారు. అది చిన్న సినిమానే కాదు.

"పేరున్న హీరో లేకుంటే ఎవరూ చూడరు." 'కేరాఫ్ కంచరపాలెం'లో చాలామంది ఆ పేటవాళ్ళే. 'బలగం'ను మన ఊళ్ళల్లో తెర కట్టి, చాపలేసుకొని చూశారు.

"ఓటీటీవాళ్ళు పక్కా కొంటారు." కొంటామని కాగితం మీద రాసిస్తే నమ్మండి. తీసుకున్నా చాలా చిన్న సినిమాలకు జనం చూసినంతకే లెక్క కడతారు. సబ్‌టైటిళ్ళు, మాటలు లేని విడి సౌండ్ ట్రాక్ కూడా అడుగుతారు.

"ఫోన్‌తో తీస్తే పర్మిషన్ అక్కర్లేదు." ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. సినిమా అంటే ముందుగా అనుమతి తీసుకోవాల్సిందే.

ఇంకా మొదలుపెట్టనివాళ్ళు చేతిలో పది లక్షలుంటే అందులో ఐదు లక్షలు షూటింగ్ అయ్యేదాకా ముట్టుకోకండి. ఐదులో తీయలేని కథైతే ఐదులో తీయగలిగే కథ రాయండి.

ఇప్పటికే మధ్యలో ఆగిపోయినవాళ్ళు కంగారుపడి కొత్త అప్పు చేయకండి. ముందు ఫుటేజ్‌ను రెండో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఒక్క డిస్క్ పాడై సినిమా మొత్తం పోగొట్టుకున్నవాళ్ళున్నారు. తర్వాత మాట సరిగ్గా వినిపించే సీన్లు మాత్రమే వరుసగా పేర్చి చూడండి. రెండు గంటల సినిమా నలభై నిమిషాలకు వస్తే రానివ్వండి. పరకాల కుర్రాడి సినిమా అట్లాగే ముప్పై ఐదు నిమిషాలకు తెచ్చి యూట్యూబ్‌లో పెట్టాం. పెట్టిన డబ్బు రాలేదు. దాన్ని చూపించే ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక వెబ్ సిరీస్‌కు అసిస్టెంట్‌గా చేరాడు, రెండో ఎకరం అలాగే ఉంది.