గాడిద పొట్ట కింద నుంచి మూడుసార్లు

చిన్నూ, బుజ్జీ,

మొన్న మీ బావ బంతి కంచెలో పడితే తీద్దామని చెయ్యి పెట్టాను, నెటిల్ ఆకులు తగిలి మణికట్టు దాకా ఒకటే మంట, అచ్చం మన దూలగొండిలాగే. పక్కింటి పెద్దావిడ చూసి, ఏమీ అడక్కుండా ఆ పక్కనే ఉన్న వెడల్పాటి ఆకు తెంపి, రసం కారేదాకా నలిపి రుద్దేసింది. డాక్ ఆకట. మన చుక్కకూరకి చుట్టమే! కాసేపటికి హాయిగా అనిపించింది.

ఇక్కడ ఐర్లాండ్‌లో ఇలాంటి వైద్యాన్ని 'క్యూర్' అంటారు, ఫలానా ఆయన దగ్గర ఫలానా క్యూర్ ఉంది అని చెప్పుకుంటారు. వీటిలో చాలావాటిని రాసిపెట్టింది ఎవరో తెలుసా, మీలాంటి బడిపిల్లలే. 1937 నుంచి 1939 దాకా 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు ఇంట్లో తాతల్నీ అవ్వల్నీ అడిగి రాసుకొచ్చారు, అంతా కలిపి 7 లక్షల 40 వేల పేజీలు. దగ్గుకి కారగీన్ అనే సముద్రపు నాచు పాలలో మరిగించి తాగడం, కోరింత దగ్గొస్తే బిడ్డని గాడిద పొట్ట కింద నుంచి మూడుసార్లు ఇవతలికీ అవతలికీ అందించడం, అన్నీ ఉన్నాయి. గాడిద సంగతికి నవ్వకండర్రా, టీకాలు ఊళ్లకి చేరని రోజుల్లో దగ్గి దగ్గి ఊపిరందని బిడ్డని ఎత్తుకున్న తల్లి ఏది చెబితే అది చేస్తుంది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఉత్తర ఐర్లాండ్‌లో ఫెర్మనా జిల్లా, బో అనే పల్లెలోని చర్చి మట్టి. 1815లో చనిపోయిన ఫాదర్ జేమ్స్ మెక్‌గిర్, తను బతికుండగా నయం చేసినవన్నీ తన మీద కప్పిన మట్టి కూడా నయం చేస్తుందని చెప్పారట. చిటికెడు మట్టి గుడ్డలో కట్టి దిండు కింద పెట్టుకుని, నాలుగో రోజుకి తిరిగి తెచ్చి అక్కడే వేసేయాలి. 2018లో స్వాన్సీ యూనివర్సిటీ వాళ్లు ఆ మట్టిని పరీక్షిస్తే స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా కొత్తది దొరికింది, క్షయకి స్ట్రెప్టోమైసిన్ మందు ఇచ్చిన జాతే అది, మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగని మొండి క్రిములు కొన్నిటిని ఆపింది కూడా. ఆపింది ల్యాబ్‌లో సుమా, దిండు కింద కాదు. జ్వరమొస్తే మీరు డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

ఈ ఆదివారం అమ్మమ్మ దగ్గర కూర్చోండి. ఏ నొప్పికి ఏ ఆకు, ఎలా వాడాలి, తనకి ఎవరు చెప్పారు, మూడూ నోట్‌బుక్‌లో రాసి నాకు ఫోటో పంపండి.

మీ తాతయ్య