మొలొకాయి దీవిలో ఫాదర్ డేమియన్

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

కుష్ఠురోగుల పాలక పునీతునిగా కథోలిక సంఘం గౌరవించే డేమియన్ గారి పండుగ మే 10న వస్తుంది. పునీతుల పండుగలను సాధారణంగా వారు కన్నుమూసిన తేదీన జరుపుతారు గాని, ఈయనకు మాత్రం 1873లో హవాయి దీవులలో ఒకటైన మొలొకాయిలోని రోగుల మధ్య అడుగుపెట్టిన రోజునే ఎంచుకున్నారు. ఆయన జీవితానికి అదే తగిన తేదీ అని నేను నమ్ముతాను.

1840లో బెల్జియంలోని ట్రెమెలో గ్రామంలో పుట్టిన ఆయన, హవాయి వెళ్ళవలసిన అన్నగారు జబ్బుపడగా, ఆ స్థానంలో తనను పంపమని అడిగి, 1864లో హొనొలులు చేరి అక్కడే గురువుగా, అంటే ఫాదర్‌గా, అభిషేకం పొందారు. ఆ రోజులలో కుష్ఠుకు మందు లేదు. 1865లో చేసిన చట్టం ప్రకారం హవాయి ప్రభుత్వం రోగులను కుటుంబాల నుండి విడదీసి, మూడు వైపుల సముద్రమూ నాలుగో వైపు నిట్టనిలువు కొండలూ ఉన్న మొలొకాయి తీరానికి పంపివేసేది. డేమియన్ గారు అక్కడ పూజ చేయడంతో సరిపెట్టుకోలేదు. పుండ్లు కడిగి కట్లు కట్టారు, ఇళ్ళు కట్టారు, నీటి గొట్టాలు వేయించారు, అనాథ పిల్లలను చేరదీశారు, చనిపోయినవారికి తన చేతులతో పెట్టెలు చేసి గోతులు తవ్వారు. చేమదుంపలతో చేసే వారి ముద్దను వారితో ఒకే గిన్నెలో తిన్నారు. వెళ్ళిన ఏడాదే అన్నగారికి వ్రాసిన ఉత్తరంలో, ప్రసంగించేటప్పుడు "కుష్ఠురోగులమైన మనం" అంటానని తెలిపారు. అప్పటికి ఆయనకు ఆ వ్యాధి లేదు. 1884 చివరలో అది సోకినట్లు తేలింది. 1889 ఏప్రిల్ 15న, 49 ఏళ్ళ వయసులో మరణించారు. 2009లో 16వ బెనెడిక్టు పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు.

అయితే అక్కడ జరిగిన సేవనంతటినీ ఆయన ఒక్కరికే ఆపాదించడం న్యాయం కాదు. ఆరోగ్యంగా ఉన్న హవాయి భార్యలు, భర్తలు, బంధువులు ఎందరో తమవారిని విడువలేక వెంట వచ్చి వారికి ఊడిగం చేశారు. 1888లో వచ్చిన మదర్ మరియాన్ కోప్ ఆయన తరువాత కూడా ఆ పనిని కొనసాగించి, 2012లో తానూ పునీతురాలయ్యారు.

డేమియన్ గారు మొలొకాయి చేరిన 1873లోనే నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధికి కారణమైన క్రిమిని కనుగొన్నారు. గట్టి మందు దొరకడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది, హవాయిలో నిర్బంధాన్ని 1969లో గాని ఎత్తివేయలేదు. ఇప్పుడు ఆరు నెలల నుండి ఏడాది చికిత్సతో ఈ వ్యాధి నయమవుతుంది, మన ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితంగా ఇస్తారు. ఒంటిమీద రంగు తగ్గి, స్పర్శ తెలియని మచ్చ కనిపిస్తే దాచకుండా పెద్దలకు చెప్పి డాక్టరుకు చూపించండి. చికిత్స మొదలైతే రోగి నుండి ఇతరులకు సోకడం త్వరలోనే ఆగిపోతుంది కనుక, మీ తరగతిలో ఎవరైనా ఆ మందులు వాడుతుంటే వారి పక్కన కూర్చోవడానికి భయపడనక్కరలేదు.

మీ తాతయ్య